శుక్రవారం వంతు

ఎవరి కాళ్లు మొక్కుతవ్ దేవమ్మక్కా? ఆ సారుకు కాళ్లే లేవు. గట్ల చూడకు, నిజమే చెప్తున్న. మా పెద్దసారు టీవీల కనిపిస్తడు. మీటింగ్ రూముల గోడకు ఇంత పెద్ద టీవీ ఉంటది, దాంట్ల ఛాతి దాంక కనిపిస్తడు. కింద లుంగీ కట్టిండో ప్యాంటు ఏస్కున్నడో మాకు గూడ తెల్వది. ఒక్కనాడన్న జహీరాబాద్‌ల కాలు పెట్టలే ఆయన.

నవ్వొస్తది గానీ ఇది నవ్వే ముచ్చట కాదు. కూసో. ఈ బెంచీ మీద కూసో, ఫ్యాన్ గాలి తగుల్తది. పొద్దుగాల ఝరాసంగంల ఆటో ఎక్కి వచ్చి, మా ఆఫీసు మెట్ల మీద గంట సేపు కూసున్నవంట గదా. వాచ్‌మన్ వచ్చి చెప్పిండు, శ్వేత వాళ్లమ్మ వచ్చింది, పైకి పోతా అంటుంది అని. నేనే ఉరికొచ్చి ఈ హోటల్‌కు తోల్కొచ్చిన. రెండు చాయ్ చెప్పిన, తాగు.

ఆ సంచేంది? కందిపప్పా? ఇంట్ల ఇసిరినవా? ఎందుకక్కా ఇయన్ని... వద్దంటే ఇనవైతివి. సరే, బల్ల మీద పెట్టు.

నువ్వేమంటున్నవ్, పిల్ల ఏదో తప్పు చేసింది, చిన్నది, పెద్దసారుకు చెప్పి ఒక్కసారి మాఫ్ చేపియ్యి అంటున్నవ్. తప్పు చేసిందని ఎవరు చెప్పిన్రు నీకు? కాయితంల ఉన్నదా? పాస్టర్ గారితోని చదివిచ్చుకున్నవా. "పని తక్కువ" అని రాసిన్రు. అవును, గట్లనే రాస్తరు.

ఆ కాయితం రాసినోళ్లు శ్వేతను చూడనే లేదక్కా. జర ఇను. అగో, రోడ్డుకు అవుతల, ట్రాక్టర్ సామాన్ల దుకానం మీద రెండో అంతస్తు, అద్దాలు మెరుస్తున్నయ్ గదా, అదే మా ఆఫీసు. పెట్టి రెండేండ్లయింది. అప్పుడు నీలి బోర్డు ఉండె. నడుమ పేరు మారింది, పచ్చ బోర్డు వచ్చింది. మెడల ఏస్కునే కార్డుల పట్టీలు గూడ మార్చిన్రు. ఇప్పుడు పచ్చ బోర్డు గూడ పీకేసిన్రు, మేకులు ఒక్కటే మిగిలినయ్.

మొదలు ఉన్నది జగన్‌మోహన్ సారు. మంచోడే అనుకున్నం. మాతోనే కూసొని బువ్వ తినేటోడు. మీ ఊర్లల్ల ఉండే కంప్యూటర్ కొలువు చేయాలె, ఆడపిల్లలకు బస్సు పెడ్త అన్నడు. ట్రాక్టర్ల ఫ్యాక్టరీ బస్సు పోతుంటే చూపిచ్చి, గసుంటి బస్సే అన్నడు. ఎనిమిది నెలలకు ఒగ సోమవారం పోయి చూస్తే కుర్చీ ఉన్నది, సారు లేడు. ఎందుకు పోయిండో, ఏడికి పోయిండో ఎవ్వరు చెప్పలే. ఆయన చాయ్ కప్పు ఇంక షెల్ఫుల అట్లనే ఉంది.

తర్వాత విష్ణువర్ధన్ సారని పుణె నుంచి వచ్చిండు. సోమవారం ఒగ తీరు పని చెప్పాలె, బుధవారం అది తప్పు, మల్ల మొదటికెళ్లి చెయ్యిన్రి అనాలె. నెల రోజుల పని మూడుసార్లు చెరిపిచ్చిండు. ఎందుకు సార్ అంటే, ప్రశ్నలడిగేటోళ్లు నాకు వద్దు అన్నడు. ఎర్ర లిస్టు మొదలు పెట్టింది ఆయనే.

పనేందంటవా? శ్వేత ఇంట్ల చెప్పలేదా? కంప్యూటర్ల రోడ్డు ఫోటోలు వస్తయ్. డ్రైవర్ లేకుండ నడిచే బండ్లు వస్తున్నయంట, వాటికి రోడ్డు మీద ఏది ఏందో నేర్పాలె. మేం మనిషి చుట్టు ఒగ డబ్బా గీయాలె, బర్రె చుట్టు ఒగ డబ్బా, లారీకొకటి, సైకిల్‌కొకటి. పొద్దంత గదే పని. కండ్లు మండుతయ్, మెడ పట్టేస్తది.

నలభై మందిల శ్వేత లెక్క చేసేటోళ్లు లేకుండె. ఒగనాడు ఒగ ఫోటో వచ్చింది. రోడ్డు పక్కకు గుబురుగ పచ్చగ ఉన్నది. చెట్టు అని రాసిన్రు. నేను టీం లీడర్‌ను, నేను గూడ చూసి సరే అన్న. శ్వేత వచ్చి, అన్నా ఇది చెట్టు కాదు, కింద చూడు, కాళ్లున్నయ్ అన్నది. పెద్దగ చేసి చూస్తే నిజమే. గడ్డిమోపు నెత్తిన పెట్టుకొని ఒగ ఆడమనిషి నడుస్తున్నది. "మా అమ్మ చెల్కల నుంచి గిట్లనే వస్తది అన్నా, మొఖం కనవడది" అన్నది. పాత ఫోటోలన్నీ మల్ల తీసి చూస్తే ఇంక పదకొండు మంది దొరికిన్రు, మేం చెట్లని రాసిన ఆడోళ్లు. నీ బిడ్డ చూడకుంటే ఆ బండ్లు వాళ్లను చెట్లే అనుకుంటుండె. గా పిల్లకు పని తక్కువ అని కాయితం ఇచ్చిన్రు.

ఏడ్వకక్కా. చాయ్ తాగు.

ఎర్ర లిస్టంటే ఏం లేదు. శుక్రవారం సాయంత్రం ప్రతి టీంల ఒగ పేరు ఎర్రగ చేసి పైకి పంపాలె. ఆ వారం అందరికన్న ఎనకబడ్డోళ్ల పేరు. అందరు మంచిగనే చేసిన్రు సార్, ఎవరిని పెట్టాలె అని అడిగిన. అయితే నీ పేరు పెట్టుకో అన్నడు. ఎర్రగైనోళ్లను సోమవారం అందరి ముందట నిలబెట్టి తిట్టేటోడు. మొదటి వారం ప్రియాంక అనే పిల్లను పెట్టిన. బాత్‌రూంల గడియ పెట్టుకొని ఏడ్చింది. నాకు ఆ రోజు బువ్వ దిగలే.

అప్పుడు రామ్‌కిషన్ ఉపాయం చెప్పిండు. కోహీర్ దిక్కు పిలగాడు, మా టీంలనే చేస్తడు. వాళ్ల ఇంట్ల నలుగురు అన్నదమ్ములకు ఒగటే బోరు, అల్లం తోటకు నీళ్లు వంతులేస్కొని కట్టుకుంటరు. నీళ్లకు వంతులేస్కుంటం గదా, తిట్లకు గూడ ఏస్కుందాం అన్నా, అన్నడు. అందరం నవ్వినం. నవ్వి, అదే చేసినం. కాయితం మీద పది పేర్లు రాసి మంచినీళ్ల క్యాన్ ఎనక అంటిచ్చినం. ఎవరి వారం వాళ్లు కావాల్నని నెమ్మదిగ చేయాలె, మిగతోళ్లు ముందుకు పోవాలె. శుక్రవారం వాళ్ల పేరు ఎర్రగయితది. ఎవరి పేరు ఎర్రగైతే వాళ్లకు మేమంత కలిసి మిర్చి బజ్జీలు, చాయ్ ఇప్పియ్యాలె. ఈ హోటల్లనే. అగో, ఆ మూల బల్ల మాది.

నన్ను వంతుల పెట్టకున్న నడుస్తుండె, లీడర్‌ను గదా. నేనే అన్న, నా పేరు గూడ రాయిన్రి, నేనేం ఎక్కువ కాదు అని. అందరు చప్పట్లు కొట్టిన్రు. మస్తు గర్వమైంది ఆ దినం. ఇంటికి పోయి నా పెండ్లాం నవతకు గూడ చెప్పుకున్న.

అంటే, పని తక్కువ అని రాసింది ఒగ వంతు వారం చూసి రాసిందక్కా. పిల్ల తప్పేం లేదు. ఇది ఇంట్ల చెప్పలే? చెప్పదు. చెప్తే ముచ్చట బయటపడి మిగతా తొమ్మిది మంది కొలువులు పోతయని నోరు మూస్కున్నది. కొట్టినవా? పిల్ల నాయిన జగ్గన్ననా? ఇద్దరు కొట్టిన్రా... ఫోన్ చూస్కుంట కూసున్నవ్, గందుకే తీసేసిన్రు అని. కొట్టినంక పత్తి ఏరనీకి చెల్కకు తోల్కపోయిన్రు. అప్పుడు గూడ చెప్పలే.

జర నీళ్లు తాగనీ అక్కా.

పోయిన దీపావళికి విష్ణువర్ధన్ సారు ఇంటికి పోయిండు, మల్ల రాలే. ఆయన జాగల ఈ టీవీ సారు దిగిండు, ఇంద్రసేన సారు. ఒక్కని పేరు నేర్వలే ఈయన. నంబర్లతోని పిలుస్తడు. శ్వేత ముప్పై ఒకటి, నేను నాలుగు. కానీ ఎర్ర లిస్టు మాత్రం ఇడిసిపెట్టలే. అయినా ఏం ఫికర్ లేకుండె, తిట్లు పడుతుండె, గంతే. వంతులు నడుస్తుండె. అట్ల నడుస్తుండంగ పోయిన వారం, సోమవారం నాడు, ఎర్రగున్న నలుగురిని తీసేసిన్రు. నాలుగు టీంలల్ల నలుగురు. ఆ వారం మా టీంల ఎర్రగున్నది శ్వేత.

దేవుని చిత్తం అంటున్నవా.

అనకక్కా. దేవుని మీద ఎయ్యకు. ఆ వారం వంతు శ్వేతది కాదు. నాది.

అవును. నాది. క్యాన్ ఎనక కాయితంల ఆ వారం పక్కన రాజేశ్వర్ అని ఉన్నది. నా చేతి రాతనే.

మార్చుకున్నం. మార్చుకున్నం అంటే... నేనే అడిగిన. చెల్లె, ఈ వారం నాది నువ్వు తీస్కో, వచ్చే వారం నీది నేను తీస్కుంట, ఇంట్ల జర పరేషాన్ ఉన్నది, తిట్లు పడే ఓపిక లేదు అన్న. సరే అన్నా అన్నది. మిర్చి మాత్రం రెండు ప్లేట్లు కావాలె అన్నది. శుక్రవారం ఆ మూల బల్ల కాడ కూసోబెట్టి ఇప్పిచ్చిన. తిన్నది. నేను గూడ పక్కన కూసొని తిన్న.

నీకేం తెల్సు రాజేశ్వర్ సారూ, తీసేస్తరని తెల్వక మార్చుకున్నవ్ అంటున్నవ్. పైన మా వాళ్లు గూడ గదే అంటున్నరు. రామ్‌కిషన్ నా భుజం మీద చెయ్యేసి, నీ నసీబ్ మంచిగున్నది అన్నా అన్నడు.

నాకు తెల్సక్కా.

ఆ బుధవారం పొద్దుగాల ఇంద్రసేన సారు నలుగురు లీడర్లను టీవీ ముందట కూసోబెట్టిండు. ఈ శుక్రవారం ఎర్రగున్నోళ్లను సోమవారం తీస్తున్నం, బయట ఎవ్వరికి చెప్పొద్దు అన్నడు. మూడు నిమిషాలల్ల అయిపోయింది. టీవీ బందైంది. నలుగురం ఒగని మొఖం ఒగడు చూడకుండ బయటికొచ్చినం. నేను సీదా క్యాన్ కాడికి పోయి నీళ్లు పట్టుకున్న. ఎనకకు చూసిన.

వంతులు బంద్ పెడ్దాం అనొచ్చు. మా లిస్టు అంత ఉత్తదే సార్, మేం వంతులేస్కున్నం అని టీవీ సారుకే చెప్పొచ్చు. ఇయన్ని ఇప్పుడు యాదికొస్తున్నయ్. అప్పుడు నవత మొఖం ఒక్కటే కండ్ల ముందటికి వచ్చింది. హైదరాబాద్‌ల నేను చేసిన రెండు కంపెనీలు మూసిన్రు. రెండుసార్లు కార్డు తీసి బల్ల మీద పెట్టి ఇంటికొచ్చిన. రెండోసారి ఆర్నెల్లు ఇంట్లనే ఉన్న. అత్తగారింట్ల పెండ్లికి పోతే, అల్లుడు ఇప్పుడేం చేస్తుండు అని ఎవరో అడిగిన్రు, నవత నా దిక్కు చూడకుండ లోపలికి పోయింది. మూడోసారి నాతోని కాదనుకున్న. మల్ల అసుంటి చూపు చూడలేననుకున్న. ఇది సాకు అని నాకు గూడ తెల్సు.

శ్వేతనే ఎందుకు అడిగినవ్ అంటవా? రామ్‌కిషన్‌ను అడిగితే ఎందుకన్నా అంటడు. ప్రియాంక గూడ అడుగుతది. ఎందుకని అడగనిది ఆ పిల్ల ఒక్కతే. నన్ను నమ్ముతదని చూసి ఏరుకున్న.

సోమవారం నేను ముందుగాల్నే పోయి లోపట కూసున్న. తొమ్మిది దాటినంక వచ్చింది శ్వేత, చేతిల టిఫిన్ డబ్బా. తలుపు కాడ మిషన్‌కు కార్డు పెడ్తె పచ్చ లైటొచ్చి తలుపు తెరుచుకుంటది. ఆమెకు ఎర్ర లైటొచ్చింది. మల్ల పెట్టింది. కార్డును చున్నీతోని తుడిచి మల్ల పెట్టింది. మిషన్ ఖరాబైంది అనుకున్నది పాపం. అద్దంలకెళ్లి నేను కనబడ్డ. నవ్వి, తలుపు తీయన్నా అని చెయ్యితోని చూపిచ్చింది.

నేను కంప్యూటర్ల మొఖం పెట్టుకున్న.

వాచ్‌మన్ పోయి చెప్పిండు. నేను తల ఎత్తేసరికి మెట్లు దిగిపోయింది. ఆ రోజు సాయంత్రం నాకు మెసేజ్ పెట్టింది. చదివి ఇనిపిస్త, ఆగు. ఇగో. "అన్నా, ఎర్రగున్నోళ్లను తీసేస్తున్నరు. వచ్చే శుక్రవారం నీ వంతు. నీ పేరు పెట్టకు అన్నా. పాప స్కూలు ఉన్నది నీకు." గిదీ మెసేజ్. నా మీద రవ్వంత అనుమానం లేదు ఆ పిల్లకు. కొలువు పోయిన నాడు కూసొని నా గురించి ఫికర్ పడ్డది.

చదివి ఫోన్ బోర్ల పెట్టిన.

నువ్వేమో రాంగనే, పోయిన ఆదివారం చర్చిల నీ పేరు చెప్పి ప్రార్థన చేపిచ్చిన సారూ అన్నవ్. మా పిల్లను చెల్లె లెక్క చూస్కున్నడు అన్నవ్. నా పేరు తీసెయ్యక్కా. పాస్టర్ గారికి చెప్పి తీపియ్యి. నాకు సిగ్గయితుంది.

తిట్టు అక్కా. ఏమన్న అను.

మొన్న శుక్రవారం నా పేరే పెట్టిన, ప్రమాణం. ఆమె వద్దన్న గూడ పెట్టిన. నాలుగో నంబర్, ఎర్రగ. కావాల్నంటే చూపిస్త. సోమవారం నన్ను తీస్తరు, పీడ పోతది అనుకున్న. సోమవారం పోతే టీవీ సారే లేడు. కంపెనీని ఇంకెవరికో అమ్మేసిన్రంట. కొత్తోళ్లు వచ్చి ఎర్ర లిస్టు బంద్ అన్నరు. బోర్డు పీకిన్రు. నా పేరు ఎవ్వరు చూడలే.

చూసినవా, మల్ల మంచోణ్ణి లెక్క చెప్తున్న. కంపెనీ అమ్ముతున్నరు, ఇంద్రసేన సారు పోతుండు, ఈసారి ఎవ్వరిని తియ్యరు అని గురువారమే లీడర్ల గ్రూపుల వచ్చింది. అది చదివినంకనే నా పేరు పెట్టిన. ఏం కాదని తెల్సి పెట్టిన. పెట్టి, రామ్‌కిషన్ వాళ్లకు చూపిచ్చిన గూడ. మిర్చి ఇప్పిచ్చిన్రు.

ఏమంటున్నవ్? ఆ... కొత్త సార్లకు ఇదంత చెప్పి శ్వేతను మల్ల తీస్కోమనొచ్చు గదా అంటున్నవ్. అనొచ్చు. ముగ్గురు వచ్చిన్రు, ఇయ్యాల రేపు ఆఫీసులనే ఉంటరు. అచ్చమైన మనుషులే, టీవీల కాదు. తీసేసినోళ్ల కాయితాలు మల్ల చూస్తం అన్నరంట గూడ. వంతుల ముచ్చట చెప్పినా ఇప్పుడు మా వాళ్లకెవ్వరికి ఏం కాదు, ఎర్ర లిస్టే లేదాయె. బుధవారం ముచ్చట చెప్తే నాకు అయితది. నాకొక్కనికే.

సోమవారం నుంచి చెప్తా చెప్తా అనుకుంటున్న. ఇయ్యాల గురువారం.

ఏడికి లేస్తున్నవ్? ఆగక్కా. నువ్వు పోయి చెప్తవా? నీకు వాళ్ల మాట రాదు, వాళ్లకు నీ మాట రాదు. కూసో. ఇంకో చాయ్ చెప్త, ఇది సల్లారింది. రేపు నేనే మంచిగ సమయం చూసి...

నీ చెయ్యి పట్టుకున్న చూడు. పొద్దుగాల మెట్ల కాడికి ఉరికొచ్చింది గూడ గిందుకే అక్కా. ఎండల కూసున్నవని కాదు, శ్వేత తల్లివని కాదు. నువ్వు పైకి పోయి ఏడిస్తే కొత్తోళ్లు నలుగురు లీడర్లను పిలుస్తరు, ఎవడో ఒగడు బుధవారం మీటింగ్ మాట ఎత్తుతడు, రామ్‌కిషన్ నా దిక్కు చూస్తడు. గందుకని ఈ చాయ్ హోటల్‌కు తోల్కొచ్చిన. మెల్లగ ఏదో ఒగటి చెప్పి ఆటో ఎక్కిద్దామనుకున్న. పప్పు గూడ ఇంటికి తీస్కపోతుంటి.

ఇడిసిన. పో.

ఆగు, పైన తలుపు తెరుచుకోదు. ఇగో, నా కార్డు తీస్కో. మిషన్‌కు గిట్ల ఆనిస్తే పచ్చ లైటు వస్తది. లోపట ఎడమ దిక్కు గాజు రూముల ఉంటరు. మాట రాకుంటే రామ్‌కిషన్‌ను పిలువు, వాడు మాట్లాడుతడు. నేను చెప్పినయన్ని చెప్పు, ఏం దాయకు.

నేను రాలేనక్కా. నాకు కాళ్లు లేస్తలేవు.